వన్స్ మోర్ అనని ఊరు

సీమోను భయపడగా చూసినవాళ్ళు దెందులూరులో ఎవరూ లేరు. నాటకాల్లో హార్మోనియం వాయించేవాడికి భయం పనికిరాదు మరి. కరెంటు పోయినా, తెర తాడు తెగి నెత్తిన పడినా, తాగొచ్చిన రాజుగారు మూడో రంగంలోని పద్యం మొదటి రంగంలోనే ఎత్తుకున్నా, పెట్టె మీద వేళ్ళు ఆగకూడదు. మీసం మొలవకముందు నుంచి ఆయన వేళ్ళు అలా ఆగకుండానే ఆడాయి. అలాంటి మనిషి ఈమధ్య పక్కవాళ్ళు దగ్గితే చాలు ఉలిక్కిపడుతున్నాడు. భార్య సువార్తమ్మ వంటింట్లో పోపు ఘాటుకి దగ్గినా సరే, వరండాలోంచి పరుగున వచ్చి గుమ్మంలో నిలబడుతున్నాడు.

"నేనేనండీ బాబూ, మిరపకాయ మాడింది," అంటుంది ఆవిడ. "మీ వాలకం చూస్తుంటే నాకు భయమేస్తోంది."

ఆయన భయమంతా ఒక్క గొంతు గురించి. ఆ గొంతు రత్నకుమారిది.

రత్నకుమారి ఏలూరు పవర్‌పేటలో ఉంటుంది. యాభై దాటాయి. రాణి వేషాలు వేసీ వేసీ ఆవిడ కూరల బండి దగ్గర బేరమాడినా కొలువు తీర్చి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. లంగా ఓణీల వయసులో సీమోను దగ్గరికి పాఠానికి వచ్చింది. అప్పటినుంచి ఆవిడ స్టేజీ మీద పాడిన ప్రతి పాటకీ ఆయనే పెట్టె వాయించాడు. పాట అయిపోగానే ఆవిడ జనం వైపు చూడదు, ముందు ఈయన వైపు చూస్తుంది. బాగుంటే ఈయన తల కిందికి ఊపుతాడు. బాగోకపోతే అడ్డంగా ఊపుతాడు. మెచ్చుకోలుకైనా చీవాట్లకైనా వాళ్ళిద్దరి మధ్యా అంతకుమించి మాటలు లేవు. "ఇన్నేళ్ళ కాపురంలో నా చేపల పులుసుకి ఒక్కసారైనా అలా తల ఊపారా?" అని సువార్తమ్మ అప్పుడప్పుడూ దెప్పుతుంది.

మా వైపు నాటకాల సంగతి తెలియనివాళ్ళకి ఇక్కడొక మాట చెప్పాలి. మా దగ్గర చప్పట్లకి విలువ లేదు. చప్పట్లు నాయకుల ఉపన్యాసాలకీ కొడతారు, కుర్చీ విరిగి ఎవడైనా కింద పడినా కొడతారు. పాటకి కావలసింది వన్స్ మోర్. పాట ముగియగానే జనంలోంచి ఎవరో ఒకరు "వన్స్ మోర్" అని కేక పెట్టాలి, పాడినవాళ్ళు మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోవాలి. కథలో కొడుకు చచ్చిపడి ఉన్నా తల్లి ఇంకోసారి ఏడవాల్సిందే. అవసరమైతే కొడుకు కూడా ఇంకోసారి చావాల్సిందే. పట్నం నుంచి వచ్చినవాళ్ళు ఇది చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. వన్స్ మోర్ రాని పాట మా దగ్గర పాట కిందే లెక్కలేదు. పడుచుతనంలో రత్నకుమారికి ఉండి ఊళ్ళో ఒకసారి వన్స్ మోర్ రాలేదు. మబ్బు పట్టిందని సగం జనం లేచిపోయారు, అంతే జరిగింది. అయినా ఆవిడ వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఇప్పటికీ బస్సు ఉండి సెంటరు దాటుతుంటే మొహం పక్కకి తిప్పుకుంటుంది.

తాడేపల్లిగూడెంలో తెలుగు పంతులమ్మగా చేసి రిటైరైన శేషారత్నం గారు పోయినేడాది ఒక పాటల నాటకం రాశారు. పేరు 'దోనె'. కొల్లేటి వరదలో దోనె వేసుకుని వెళ్ళి తిరిగిరాని కొడుకు కోసం గట్టున నిలబడి పిలిచే తల్లి కథ. రాజులూ లేరు, కిరీటాలూ లేవు. మాటలు తక్కువ, పాటలెక్కువ. తల్లి వేషం రత్నకుమారి కోసమే రాశారు. బాణీలన్నీ సీమోను కట్టాడు. తల్లికి నాటకమంతా కూనిరాగాలే, గొంతెత్తి పాడేది చివర ఒక్క పాట.

బుడమేరు పొంగెనయ్యా, తమ్మిలేరు ఉరికెనయ్యా,
ఏ నీట ఉన్నావొ కొడుకా, ఒక్కసారి పలుకరా!

ఆ 'పలుకరా' దగ్గర సీమోను ఒక పని చేశాడు. గొంతుని మెట్టు మెట్టుగా పైకి తీసుకుపోయి, ఇంక పైన మెట్టు లేదనుకున్నచోట ఇంకొకటి పెట్టాడు. రత్నకుమారి గొంతు ఎంత దూరం పోగలదో ఆయనకి తెలుసు. సరిగ్గా ఆ అంచు మీద పెట్టాడు. ఆవిడ దాన్ని మొదటిసారి అందుకున్న రోజు శేషారత్నం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సీమోను తల కిందికి ఊపాడు, పొంగిపోయి రెండుసార్లు ఊపాడు. ఇప్పుడు ఆ మెట్టు ఎందుకు పెట్టానా అనుకుంటున్నాడు.

ఎందుకంటే, వానలు మొదలయ్యాక ఒక ఆదివారం తాడేపల్లిగూడెంలో రిహార్సలు జరుగుతుంటే, ఆ పాట పాడి ఆవిడ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. దాన్ని మడిచి చేతిసంచిలో దాచేలోపు సీమోను చూశాడు. కుంకుమ బొట్టంత ఎరుపు. సాయంత్రం పాసింజరులో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు అడిగితే, "తమలపాకు నమిలానండీ," అంది. ఆవిడ జన్మలో తమలపాకు నమలలేదు.

ఏలూరులో గొంతు డాక్టరు దగ్గరికి ఆయనే వెంటపడి తీసుకువెళ్ళాడు. డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. సన్నటి కెమెరా గొట్టం లోపలికి పంపి టీవీలో చూపించాడు. తెల్లటి రెండు సన్న పొరలు, వాటిలో ఒకదాని మీద ఉబ్బిన నెత్తుటి బుడగ. ఇన్నేళ్ళుగా తను పెట్టె మీద వెంబడించిన గొంతు ఈ రెండు పొరలేనా అనుకుని సీమోను బిత్తరపోయాడు.

"ఆపరేషను చెయ్యాలండీ. అప్పటిదాకా పాడకూడదు, గట్టిగా మాట్లాడకూడదు కూడా."

"ఆపరేషను అయ్యాక పాడొచ్చాండీ?" అని రత్నకుమారి అడిగింది.

"మాట్లాడతారండీ," అన్నాడు డాక్టరు. పాడతారని అనలేదు.

ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఒక్క నాటకం ఉందండీ. ఒక్కసారి పాడితేనో?"

"ఒక్కసారికే నాకు భయంగా ఉందండీ. రెండోసారి లాగారంటే అది చిట్లుతుంది. అప్పుడు నా దగ్గరికి వచ్చినా నేను చెయ్యగలిగింది ఉండదు."

ఆ మాటల్లో సీమోను చెవికెక్కింది 'భయం'. రత్నకుమారి చెవికెక్కింది 'రెండోసారి'. అంటే మొదటిసారి ఫరవాలేదని ఆవిడ తీర్మానించుకుంది. బయటికి వచ్చి ఆటో ఎక్కకముందే సీమోనుకి ఆ సంగతి అర్థమైపోయింది.

ఆ సాయంత్రమే దెందులూరు వచ్చి, వరండాలో పెట్టె ముందు కూర్చుంది.

"మాస్టారండీ, పందిరిలంకలో ఆడేదాకా ఈ సంగతి ఎవరికీ చెప్పనని ఒట్టేయండి. శేషారత్నం గారికి తెలిస్తే నాటకం ఆపేస్తారు."

"ఆపేస్తే మంచిదే గదమ్మా."

"పందిరిలంక మా అమ్మ ఊరండీ." ఆవిడ గొంతు తగ్గించుకునే మాట్లాడుతోంది, ఆ తగ్గించడం ఆయనకి ఇంకా భయంగా ఉంది. "ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆ ఊరివాళ్ళు నన్ను వేషాలు కట్టుకుని తిరుగుతుందన్నారు గాని పాడుతుందని ఒక్కళ్ళూ అనలేదు. మా పిన్నమ్మలు ముగ్గురూ ఉన్నారింకా. ముందు వరసలో కూర్చుంటారు. వాళ్ళు వినేలా పాడతాను. తర్వాత ఆ డాక్టరు ఏం కోసుకుంటాడో కోసుకోనీండి."

"ఒట్లు పెట్టుకోవడం మాకు తప్పమ్మా," అని ఆయన తప్పించుకోబోయాడు.

"బైబిలు మీద వద్దులెండి. పెట్టె మీద చెయ్యేయండి."

చెయ్యి వేశాడు.

"మరి వాళ్ళు వన్స్ మోర్ అంటేనో?"

"దణ్ణం పెట్టి ఊరుకుంటానండీ. ఎంతమంది పెద్దవాళ్ళు దణ్ణం పెట్టి తప్పించుకోలేదు? వాళ్ళు అడిగారన్న మాట నా చెవిన పడితే చాలు."

సీమోను ఆ మాట నమ్మలేదు. ఒళ్ళు కాలిపోతున్న జ్వరంలో కూడా అడిగినవాళ్ళకి లేదనకుండా పాడిన మనిషి. ఊరంతా లేచి అడుగుతుంటే దణ్ణం పెట్టి నిలబడుతుందా? ఆ నమ్మకపోవడమే ఆయన చేసిన తప్పు. కానీ అప్పుడు అది తప్పులా లేదు, జాగ్రత్తలా ఉంది.

తర్వాతి రిహార్సల్లో ఆయన ఎవరికీ చెప్పకుండా శ్రుతి అర మెట్టు దించి ఇచ్చాడు. ఆవిడ నోరైనా తెరవలేదు. కళ్ళు మూసుకునే చూపుడు వేలు పైకెత్తింది. పైకి, అని.

"ఏవండీ మాస్టారూ, నిద్రొస్తోందా?" అని శేషారత్నం గారు నవ్వారు.

ఆయన పైకి జరిపాడు. ఆ రోజు నుంచి ఆవిడ రిహార్సళ్ళలో చివరి పాట గొంతెత్తకుండా పెదవులతో మాత్రమే అంటూ వచ్చింది. "దాచుకుంటున్నానండీ, ఊళ్ళో పాడతాను," అని శేషారత్నం గారితో అంది. నటులు అలా దాచుకోవడం మామూలే గనుక ఆవిడ అనుమానపడలేదు.

సీమోనుకి మాత్రం కంటి మీద కునుకు పోయింది. కళ్ళు మూస్తే ఆ బుడగ కనబడేది. ప్రార్థనలో మోకరిస్తే మాట ఒకటే వచ్చేది. "ప్రభువా, పందిరిలంక వాళ్ళ నోళ్ళు కట్టెయ్యి తండ్రీ. ఆ ఒక్క పాటకి ఒక్కడి నోరూ పెగలకుండా చూడు." సువార్తమ్మ పక్కనే మోకరించి విని, లేచాక అడిగింది, "జనం నోళ్ళు తెరిపించమని గదండీ అడుగుతారు, ఇదేం ప్రార్థన?" ఆయన ఒట్టుకి కట్టుబడి ఏమీ చెప్పలేదు. కానీ ప్రార్థన ఒక్కటే చాలదనిపించింది. ఎందుకంటే పందిరిలంకలో సత్తిబాబు ఉన్నాడు.

సత్తిబాబు చేపల చెరువుల రైతు, ఆ ఊరి నాటకాల కమిటీకి పెద్ద. చుట్టుపక్కల ఎక్కడ నాటకం ఆడినా ముందు వరసలో ఉంటాడు. మొదటి వన్స్ మోర్ ఆయనదే. ఆ కేక వింటే గట్టు మీద కొంగలు లేచిపోతాయని చెప్పుకుంటారు. ఆ కేక కోసం నటులు ఆయన ఉన్న వైపుకి తిరిగి పాడతారు. మిగతా ఊరంతా ఆయన వెనకాలే అందుకుంటుంది. ఆయన్ని ఆపితే ఊరు ఆగుతుందని సీమోను లెక్క వేసుకున్నాడు.

నాటకం వారంలోకి వచ్చాక, ఒక మధ్యాహ్నం ఏలూరు వెళ్ళొస్తానని ఇంట్లో చెప్పి ఆటో కట్టించుకుని పందిరిలంక వెళ్ళాడు. అటూ ఇటూ చెరువులు, మధ్యన సన్నటి గట్టు రోడ్డు. చెరువుల్లో చేపలకి గాలి పట్టించే ఏరేటర్లు చక్రాలు తిప్పుకుంటూ నీళ్ళు చిమ్ముతున్నాయి. సత్తిబాబు మేత బస్తాల పక్కన మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"చివరి పాటకి వన్స్ మోర్ అనకూడదాండీ!" సత్తిబాబు కుర్చీలోంచి లేచేశాడు. "భోజనానికి పిలిచి విస్తరి ముట్టుకోవద్దన్నట్టుందండీ."

అసలు కారణం చెప్పడానికి లేదు. సీమోను అక్కడికక్కడే ఒక అబద్ధం అల్లాడు. "నాటకం అలా రాశారండీ. తల్లి పిలుస్తుంది, కొడుకు పలకడు. ఊరు కూడా పలక్కూడదు. ఆ నిశ్శబ్దంలో తెర పడాలి. ఒక్క కేక వినబడినా అంతా పాడైపోతుంది."

చెబుతున్నవాడికే అది నిజంలా వినిపించింది. సత్తిబాబుకి కళ్ళు చెమర్చాయి. "అబ్బా! ఏం రాశారండీ పంతులమ్మ గారు! ఇంక మీరు నిశ్చింతగా వెళ్ళండి. ఇంటింటికీ తిరిగి చెబుతాను. చప్పట్లు కూడా ఉండవు. చీమ చిటుక్కుమన్నా నన్నడగండి."

"ఈ మాట నటులకి తెలియనివ్వకండి," అన్నాడు సీమోను. "తెలిస్తే ముందే బిగుసుకుపోతారు."

"ఎందుకు తెలుస్తుందండీ," అన్నాడు సత్తిబాబు.

ఆ రాత్రి సీమోను చాలా రోజుల తర్వాత ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు.

నాటకం ఆదివారం సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి మొదలైంది. ఊరి బడి ఆవరణలో స్టేజీ కట్టారు. లంకల్లోంచి, గట్ల మీంచి, మోటారు సైకిళ్ళ మీదా ట్రాక్టర్ల మీదా జనం వచ్చారు. ముందు వరసలో రత్నకుమారి పిన్నమ్మలు ముగ్గురూ ఇస్త్రీ చీరల్లో పక్కపక్కన కూర్చున్నారు. వాళ్ళ పక్కన సత్తిబాబు. చెరువుల్లో ఏరేటర్ల హోరు మాత్రం ఆగకుండా వినబడుతూనే ఉంది.

సీమోను పెట్టె ముందు కూర్చుని సత్తిబాబునే చూస్తున్నాడు. రెండో పాటకి, కోడలి వేషం వేసిన సాయిప్రియ పాడాక, సత్తిబాబు మామూలుగానే "వన్స్ మోర్" అని కేక పెట్టాడు. ఊరంతా అందుకుంది. సీమోను చటుక్కున ఆయనకేసి చూశాడు. మాట మరిచిపోయాడా? సత్తిబాబు ఆయన చూపు పసిగట్టి, చెయ్యి కొంచెం ఎత్తి, అది వేరు ఇది వేరు అన్నట్టు సైగ చేశాడు. దోనెలు తోసేవాళ్ళ పాటకీ వన్స్ మోర్ వచ్చింది. సాయిప్రియకి మళ్ళీ వచ్చింది. తెర పక్కన నిలబడి రత్నకుమారి అవన్నీ వింటోంది. ఆవిడ కళ్ళల్లో ఒక మెరుపు ఉంది. మంచి ఊరండీ, అన్నట్టు సీమోనుకేసి చూసి నవ్వింది. సీమోను నవ్వలేకపోయాడు.

చివరి రంగం. తల్లి ఒక్కత్తే గట్టు మీదికి వచ్చింది, చేతిలో ఆరిపోయిన లాంతరు. సత్తిబాబు వెనక్కి తిరిగి ఎవరికో చెయ్యి ఊపాడు. ఒకటొకటిగా ఏరేటర్లు ఆగిపోయాయి. కొల్లేటి మీద అంత నిశ్శబ్దం సీమోను ఎప్పుడూ వినలేదు. చేపలకి గాలి లేకపోయినా సరే, పాట కోసం మోటార్లు ఆపించాడు మహానుభావుడు.

రత్నకుమారి ఎత్తుకుంది.

బుడమేరు దగ్గర గొంతు గట్టిగానే ఉంది. తమ్మిలేరు దగ్గర ఒక చిన్న జీర వినబడింది. 'ఏ నీట ఉన్నావొ కొడుకా' దగ్గర ఆ జీర పోయింది. ఆవిడ మెట్లెక్కుతోంది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. ప్రభువా, ప్రభువా, అని లోపల అనుకుంటూ ఆయన వేళ్ళు వెంట నడిపాడు. ఆఖరి మెట్టు మీద ఆవిడ నిలబడింది. ఒణుకు లేదు, జీర లేదు. ఆ పిలుపు నీళ్ళ మీదుగా అవతలి గట్టుదాకా పోయింది. మెల్లగా దిగి వచ్చి ఆగింది.

అయిపోయింది. పాడేసింది. గొంతు మిగిలింది.

సీమోను కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. ఒక్క కేకా లేదు. ఒక్క చప్పట్టూ లేదు. సత్తిబాబు మాట నిలబెట్టుకున్నాడు. ఊరికి ఊరు రాళ్ళలా కూర్చుంది. ఇంక తెర పడాలి. తెర లాగేవాడు ఎప్పటి అలవాటు కొద్దీ వన్స్ మోర్ కోసం ఆగి చూస్తున్నాడు, అంతే.

ఆయన కళ్ళు తెరిచేసరికి రత్నకుమారి ఆయనకేసే చూస్తోంది. ఎంతసేపటినుంచి చూస్తోందో తెలియదు. పాట అవగానే చూసి ఉంటుంది, ఎప్పటిలాగే. అప్పుడు ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. తర్వాత జనాన్ని చూసి ఉంటుంది. పిన్నమ్మలు ముగ్గురూ పెదవులు బిగించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ మొహం చూడకుండా తలలు దించుకుని కూర్చున్నారు. సాయిప్రియకి రెండుసార్లు అడిగిన ఊరు.

సీమోనుకి ఆ మొహం తెలుసు. ఉండిలో చూశాడు ఆ మొహం. మళ్ళీ ఇప్పుడు చూస్తున్నాడు. ఈ నిశ్శబ్దం ఆవిడకి ఎలా వినబడుతుందో ఇన్ని రోజుల్లో ఒక్క క్షణమైనా ఆయన ఆలోచించలేదు. జనం అరుస్తారేమోనని భయపడ్డాడు గాని, అరవకపోతే ఆవిడ ఏమైపోతుందో తట్టలేదు. ఆవిడ భుజాలు కొంచెం పైకి లేచాయి. ఊపిరి తీసుకుంటోంది.

మళ్ళీ పాడబోతోంది.

ముందు మైకు ఉంది, నోరు తెరిచి చెప్పడానికి లేదు. వద్దు తల్లీ వద్దు, అని సీమోను తల అడ్డంగా ఊపాడు. ఊపిన మరుక్షణం తనేం చేశాడో తెలిసి గిలగిల్లాడిపోయాడు. వాళ్ళిద్దరి మధ్యా ఆ ఊపుకి ఒకటే అర్థం. వెంటనే తల కిందికి ఊపాడు, పిచ్చివాడిలా మళ్ళీ మళ్ళీ ఊపాడు. కానీ ఆవిడ అప్పటికే నీళ్ళ వైపు తిరిగిపోయింది. వీపు మాత్రమే కనబడుతోంది. ఆ వీపు వెనక నుంచి చెయ్యి చిన్నగా కదిలింది. శ్రుతి ఇవ్వండి, అని.

ఇవ్వకపోతే? ఇవ్వకపోయినా పాడుతుంది. పెట్టె ఆధారం లేని గొంతు ఇంకా తెగించి లాగుతుంది. లేచి తెర లాగెయ్యమని అరిస్తే? అరిచేలోపే ఎత్తుకుంటుంది. అర మెట్టు దించి శ్రుతి ఇచ్చాడు.

ఆవిడ వెనక్కి తిరగకుండానే చూపుడు వేలు పైకెత్తింది.

ఆయన పైకి జరిపాడు. ఆ వేలికి ఎదురు చెప్పడం ఆయన వేళ్ళు ఎప్పుడూ నేర్చుకోలేదు.

రెండోసారి పాట వేరేగా వచ్చింది. మొదటిసారి పాడింది కొడుకు కోసం పిలిచే తల్లి. ఈసారి ఆవిడ పిలుస్తున్నది ఎదురుగా కూర్చున్న ఊరిని. ముందు వరసలో ముగ్గురు ముసలివాళ్ళని. ఒక్కసారి పలకరా అంటుంటే సీమోను కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మెట్టు మీద మెట్టు. ఆఖరి మెట్టు అందుకుంది. మొదటిసారి కన్నా ఇంకా పైన నిలబడినట్టు అనిపించింది. ఆ పైన ఉండగానే, చేద తాడు తెగినట్టు గొంతు ఆగిపోయింది.

నోరు తెరిచే ఉంది. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. శబ్దం లేదు. సీమోను పెట్టె ఒక్కటే ఆ స్వరం మీద ఒంటరిగా మోగుతోంది.

జనం అది నటన అనుకున్నారు. పిలిచి పిలిచి తల్లి గొంతు పోయింది అనుకున్నారు. ఇంక ఆపుకోలేక సత్తిబాబు కుర్చీ తన్నేసి లేచాడు.

"వన్స్ మోర్!"

ఆ ఒక్క కేకతో కట్ట తెగింది. పిల్లా పెద్దా లేచి నిలబడ్డారు. వన్స్ మోర్, వన్స్ మోర్ అని ఊరు ఊరంతా అరుస్తోంది. పిన్నమ్మల్లో పెద్దావిడ కర్ర పట్టుకుని లేచి, బోసి నోటితో ఆ మాట పలకడం రాక, "మళ్ళీ, మళ్ళీ పాడవే తల్లీ" అని ఏడుస్తోంది. రత్నకుమారి వాళ్ళందర్నీ చూసింది. నోరు మెల్లగా మూసుకుంది. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి ఊరుకుంది. చెప్పినట్టే.

తెర పడింది.

లోపల బడి గదిలో శేషారత్నం గారు ఆవిడని కావలించుకుని వదలడం లేదు. "రెండోసారి అలా గొంతు ఆపెయ్యాలని మీకెలా తోచిందండీ! నేను రాసినదానికన్నా మీరు చేసింది ఎక్కువ." రత్నకుమారి బెంచీ మీద కూర్చుని నవ్వుతోంది. రుమాలు పిడికిట్లో ఉంది. ఈసారి బొట్టంత కాదు, పిడికిలి సందుల్లోంచి ఎరుపు కనబడుతోంది. నాటకానికి వెంట వచ్చిన సువార్తమ్మ ఒక్కతే అది చూసి, ఫ్లాస్కు చేతిలో పట్టుకుని, భర్తకేసి చూసింది. ఇన్నాళ్ళ ఆయన భయం ఏమిటో ఆవిడకి అప్పుడు తెలిసింది.

సీమోను గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. దగ్గరికి వెళ్ళి ఏమని చెప్పాలి? మొదటిసారే బాగా వచ్చిందమ్మా అని చెప్పాలి. చెబితే, మరి తల ఎందుకు అడ్డంగా ఊపారంటుంది. ఊరు ఎందుకు పలకలేదంటుంది.

సత్తిబాబు ఆయన్ని దాటుకుని గదిలోకి వచ్చాడు. కండువాతో కళ్ళు తుడుచుకుంటూ రత్నకుమారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, క్షమించాలండీ. మొదటిసారి మీరు పాడినప్పుడే చచ్చిపోయామండీ, ఒట్టు. చివరి పాటకి నోరు మెదపొద్దని మాస్టారు ముందే వచ్చి చెప్పారు గదాండీ. ఊరంతా నోళ్ళు కుట్టేసుకుని కూర్చున్నాం. మీ పెద్ద పిన్నమ్మ గారైతే ఏడుపు వినబడకుండా పెదవులు బిగబట్టుకుని కూర్చున్నారండీ. రెండోసారికి ఇంక నావల్ల కాలేదు, అరిచేశాను." గుమ్మం వైపు తిరిగాడు. "మాస్టారండీ, మీ మాట తప్పాను, మరోలా అనుకోకండి."

రత్నకుమారి నవ్వు ఆగిపోయింది. సత్తిబాబుకేసి చూసింది. తర్వాత నెమ్మదిగా తల తిప్పి, ఇన్నేళ్ళుగా పాట అవగానే చూసినట్టే, సీమోనుకేసి చూసింది. పెదవులు కదిలాయి.

మీరా, అంది. శబ్దం రాలేదు. స్టేజీకి ఆ మూల నుంచి ఈ మూలకి ఆవిడ పెదవులు చదివిన మనిషికి శబ్దం అక్కర్లేదు.

సీమోను తల కిందికి ఊపాడు.